ఆటోనగర్ డైరీ: హెచ్‌ఎఫ్ వెల్డింగ్ మెషిన్ దగ్గర ఆపరేటర్ మీద పడే ఫీల్డ్ తగ్గించిన పని

రెగ్జిన్ సీట్ కవర్లు, పీవీసీ ఫైళ్లు, రెయిన్‌కోట్లు అతికించే హై ఫ్రీక్వెన్సీ వెల్డింగ్ మెషిన్ మీ షాపులో ఉంటే ఈ డైరీ మీకు పనికొస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో నేను ఇలాంటి మెషిన్లకు రిపేర్లు చేస్తాను. ఒక సీట్ కవర్ల షాపులో 5 కిలోవాట్ల మెషిన్ చుట్టూ పరుచుకునే రేడియో తరంగాల ఫీల్డ్ తగ్గించడానికి ఏడు వారాలు చేసిన పని ఇది. ఏది పనిచేసిందో, ఏది డబ్బు దండగైందో రెండూ రాశాను.

పని మొదలైంది ఆపరేటర్ అక్క మాటతో. ఆమె పదకొండేళ్లుగా అదే మెషిన్ మీద ఉంది. "తమ్ముడూ, కత్తెర ముట్టుకుంటే చీమ కుట్టినట్టు చురుక్కుమంటోంది. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారిపోతున్నాయి. షుగర్ టెస్ట్ చేయించా, లేదన్నారు." చూపుడువేలి కొసన ఆవగింజంత తెల్లటి మచ్చ చూపించింది. ఆ మచ్చ నాకు తెలుసు. ఆర్‌ఎఫ్ (పీవీసీని అతికించడానికి మెషిన్ పుట్టించే రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు) కాలిన గాయం పైకి చుక్కలాగే ఉంటుంది, లోపల మాత్రం లోతుగా కాలుతుంది. మామూలు కాలుడులా బొబ్బ ఎక్కదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

దశ 1: ఏ లెక్కతో పోల్చాలి

మెషిన్ నడిచేది 27.12 మెగాహెర్ట్జ్ మీద. ఇది ఎక్స్‌రే లాంటిది కాదు, ఒంట్లోని అణువులను చీల్చే శక్తి దీనికి లేదు. దీనికి చేతనైంది వేడి పుట్టించడం. పీవీసీలో ఎలా పుట్టిస్తుందో ఒంట్లోనూ అలాగే. ఒంట్లోకి దిగిన కరెంటు పాదాల గుండా నేలలోకి పోతుంది. చీలమండ సన్నగా ఉంటుంది, అందులో ఎముకే ఎక్కువ, కండ తక్కువ. అంత కరెంటూ ఆ కొద్దిపాటి చోటులోంచే పోవాలి కాబట్టి అక్కడ వేడి ఎక్కువ. మణికట్టుకూ అదే బాధ.

ఇదేం కొత్త సంగతి కాదు. ఈ మెషిన్ల ప్రమాదం గురించి అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థలు 1979లోనే ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చాయి. 1980ల్లో స్వీడన్‌లో ప్లాస్టిక్ వెల్డింగ్ ఆపరేటర్లను పరీక్షించినప్పుడు చేతుల్లో తిమ్మిరి, కళ్ల మంట కనిపించాయి. మన దగ్గర సెల్ టవర్ పెడితే వీధంతా కదులుతుంది. టవర్లకు 2012 సెప్టెంబర్ 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు కుదించారు కూడా. టవర్ ఎక్కడో మిద్దె మీద ఉంటుంది. ఈ మెషిన్ కిలోవాట్ల పవర్‌తో మనిషి పొట్టకు మూరెడు దూరంలో ఉంటుంది. దీని గురించి అడిగిన మనిషిని పాతికేళ్లలో నేను చూడలేదు.

పోల్చడానికి ఇక్‌నిర్ప్ (ఇలాంటి రేడియేషన్‌కు పరిమితులు చెప్పే అంతర్జాతీయ సంఘం) 1998 పరిమితులు తీసుకున్నాను. పనివాళ్లకు ఈ ఫ్రీక్వెన్సీలో ఎలక్ట్రిక్ ఫీల్డ్ మీటరుకు 61 వోల్టులు, మాగ్నెటిక్ ఫీల్డ్ మీటరుకు 0.16 ఆంపియర్లు, ఒక్కో కాలు లేదా చేతిలో కరెంటు 100 మిల్లీఆంపియర్లు, ఇనుము తాకినప్పుడు వచ్చేది 40 మిల్లీఆంపియర్లు. 2020లో సవరించిన లెక్కలో ఎలక్ట్రిక్ ఫీల్డ్ సుమారు 65కి పెరిగింది, సగటు తీసే సమయం 6 నిమిషాల నుంచి 30 నిమిషాలైంది. బిగువుగా ఉంది కాబట్టి పాతదే పట్టుకున్నాను.

చాలామంది తప్పు చేసేది సగటు దగ్గరే:

1. మా మెషిన్‌లో ఒక కవర్‌కు 20 సెకన్లు. అందులో ఆర్‌ఎఫ్ ఆన్ ఉండేది 4 సెకన్లు. అంటే ఐదో వంతు.
2. వోల్టులను నేరుగా 5తో భాగించకూడదు. వేడి ఫీల్డ్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి వర్గాలకే సగటు తీయాలి.
3. ఐదో వంతుకు వర్గమూలం 0.447. ఆన్‌లో ఉన్న రీడింగును దీంతో గుణిస్తే సగటు.
4. తిప్పి చూస్తే, ఆన్‌లో ఉన్నప్పుడు 136 దాటితే సగటు 61 దాటినట్టే.

నేను మొదట 5తో భాగించాను. ఛాతీ దగ్గరి రీడింగు 210 కాస్తా 42 అయింది, అంతా బాగుందనుకున్నాను. రెండు రోజుల తర్వాత తప్పు తెలిసింది. సరిగ్గా లెక్కేస్తే 94.

దశ 2: కొలిచే పరికరాలు

మొదటి దండగ: ఆన్‌లైన్‌లో 3,200 పెట్టి "రేడియేషన్ మీటర్" కొన్నాను. మెషిన్ పక్కన పెడితే అంకెలు పిచ్చిగా ఎగిరాయి, ఆపేసినా అలాగే. తీరా డబ్బా వెనక చదివితే అది కొలిచేది 50 మెగాహెర్ట్జ్ నుంచి పైకి. సెల్ ఫోన్లకు తయారుచేసిన సరుకు. 27 దానికి కనపడదు. కొనేముందు మీటర్ ఏ ఫ్రీక్వెన్సీ నుంచి మొదలవుతుందో చూడండి. మామూలు డిజిటల్ మల్టీమీటర్ కూడా మెషిన్ దగ్గర మతి తప్పుతుంది.

రెండోది నేనే చేశాను. రెండు చిన్న రాగి పుల్లలు, మధ్యలో జెర్మేనియం డయోడ్, 50 మైక్రోఆంపియర్ల ముల్లు మీటర్. ఖర్చు 640. మొదటి రోజు మీటర్‌ను ఎటు జరిపినా ముల్లు ఒకేలా లేచింది. మీటర్‌కు పోయే రెండు వైర్లే ఏరియల్‌గా మారి ఫీల్డ్ లాగుతున్నాయి. డయోడ్ పక్కనే రెండు వైర్లలో తలా ఒక 10 కిలోఓముల రెసిస్టర్ వేశాక పుల్లల దగ్గరి ఫీల్డే చూపించింది. ఇది అంకె చెప్పదు, పెరిగిందా తగ్గిందా అని మాత్రం చెబుతుంది. రోజువారీ పనికి అదే చాలు.

మూడోది కాళ్ల కరెంటు కొలిచే పలక. 40 సెంటీమీటర్ల చదరపు అల్యూమినియం పలకలు రెండు, మధ్యలో 12 మిల్లీమీటర్ల ఆక్రిలిక్ షీటు, రెండు పలకలను కలుపుతూ నాలుగు వైపులా వైరు చుట్టని 39 ఓముల రెసిస్టర్లు నాలుగు. పలక మీద మనిషి నిలబడితే పాదాల నుంచి దిగే కరెంటు ఆ రెసిస్టర్లలోంచే నేలకు పోవాలి. కానీ రెండు పలకలూ మధ్యలో షీటూ కలిస్తే అదే కెపాసిటర్. లెక్కేస్తే 350 పికోఫారాడ్ల పైన వచ్చింది. ఈ ఫ్రీక్వెన్సీలో అది 17 ఓముల దారి, నా రెసిస్టర్లు కలిపి 10 ఓములు. కరెంటులో కొంత పక్కదారి పట్టి రీడింగు ఆరో, ఏడో వంతు తక్కువ చూపిస్తోంది. షీటు తీసేసి నాలుగు మూలలా ఆక్రిలిక్ ముక్కలు మాత్రం పెట్టాను. మధ్యలో గాలే ఉంది కాబట్టి కెపాసిటెన్స్ మూడో వంతుకు పడిపోయింది, తప్పు రెండు శాతానికి తగ్గింది. ఖర్చు 1,480.

నాలుగోది అసలు మీటర్. ఒక టెస్టింగ్ ల్యాబ్ నుంచి కాలిబ్రేషన్ ఉన్న ప్రోబ్ రెండు రోజులకు అద్దెకు తెచ్చాను. 9,000. ఐదు చోట్ల దాని రీడింగు, నా డయోడ్ ముల్లు పక్కపక్కన రాసుకుని కాగితం మెషిన్‌కు అంటించాను. ఆ తర్వాత ఆ కాగితమే నా మీటర్.

ఇంతవరకు ఖర్చు: 14,320.

దశ 3: ముందు ఎలా ఉంది

సాయంత్రం కరెంటు దీపాలు ఆర్పించి, రెండడుగుల ట్యూబ్‌లైట్‌ను ఎండు కర్రకు కట్టి ప్రెస్ దగ్గరకు చాపాను. అక్క పెడల్ తొక్కింది. ఏ వైరూ లేని ట్యూబ్ ఒక కొసన తెల్లగా వెలిగింది, వెలుగు పాలు పొంగినట్టు సగం దాకా పాకింది. నాలుగు సెకన్లకు ఆరింది. మళ్లీ తొక్కితే మళ్లీ వెలిగింది. ట్యూబ్‌ను అక్క రోజూ కూర్చునే చోట, ఆమె గుండె ఎత్తులో పెట్టాను. అక్కడా వెలిగింది. హెల్పర్ కుర్రాడు నవ్వబోయి ఆగిపోయాడు. అక్క పెడల్ మీద నుంచి కాలు తీసేసి, "పదకొండేళ్లు ఇక్కడే కూచున్నా కదా" అంది. నేనేం మాట్లాడలేకపోయాను.

ఆర్‌ఎఫ్ ఆన్‌లో ఉన్నప్పుడు రీడింగులు, మీటరుకు వోల్టుల్లో:

తల 95 (సగటు 42)
ఛాతీ 210 (సగటు 94)
నడుము 260 (సగటు 116)
మణికట్టు 480 (సగటు 215)
రెండు కాళ్ల కరెంటు 520 మిల్లీఆంపియర్లు (సగటు 232, ఒక్కో కాలికి 116)

తల ఒక్కటే పరిమితి లోపల ఉంది. కాళ్ల పలక మీద నిలబడింది నేనే. రీడింగు కోసం అక్కను ఇంకొంచెంసేపు దాని ముందు నిలబెట్టడానికి మనసు ఒప్పలేదు.

దశ 4: ఎర్త్

మెషిన్‌కు ఎర్త్ ఉంది. గోడ మీది ఎర్త్ పట్టీ దాకా 4 స్క్వేర్ మిల్లీమీటర్ల పచ్చ వైరు, మల్టీమీటర్‌తో చూస్తే 0.3 ఓములు. వైరు సన్నదనుకుని అదే దారిలో 16 స్క్వేర్ మిల్లీమీటర్ల వైరు లాగాను. 1,150 రూపాయలు. ఛాతీ రీడింగు 210 నుంచి 205. అంతే.

రాత్రి కూర్చుని టేపు పెట్టి కొలిచాను. వైరు పొడవు 2.7 మీటర్లు. 27.12 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 11.05 మీటర్లు, అందులో నాలుగో వంతు 2.76. తరంగంలో నాలుగో వంతు పొడవున్న వైరును ఒక కొసన నేలకు కడితే రెండో కొస నేలతో సంబంధమే లేనట్టు ప్రవర్తిస్తుంది. పైగా వైరు మీటరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ, అంటే ఈ ఫ్రీక్వెన్సీలో 170 ఓములు. మల్టీమీటర్ చూపే 0.3 ఓములు 50 హెర్ట్జ్‌కు నిజం. ఆర్‌ఎఫ్‌కు ఆ వైరు ఎర్త్ కానే కాదు, ఏరియల్. కత్తెర చురుక్కు కూడా ఇక్కడిదే. కత్తెర పెట్టే రేకు మెషిన్ బాడీకి తగులుతోంది, బాడీ ఆర్‌ఎఫ్‌లో తేలుతోంది.

ఆర్‌ఎఫ్‌కు నేలతో పని లేదు. కింది బెడ్ ప్లేట్ నుంచి, ఆర్‌ఎఫ్ పుట్టించే జనరేటర్ బాక్సుకు తిరిగి వెళ్లడానికి దగ్గరి, వెడల్పాటి దారి కావాలి. మా మెషిన్‌లో ఆ దారి రెండు బోల్టులు. బోల్టుల కింద పెయింటు, పెయింటు కింద తుప్పు.

1. మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. లోపల కెపాసిటర్లలో వేల వోల్టులు నిలిచి ఉంటాయి, డిశ్చార్జ్ రాడ్‌తో నేలకు దించాకే చెయ్యి పెట్టాలి. ఇందులో తొందరపడొద్దు.
2. బెడ్ ప్లేటు అంచు, బాక్సు అంచు ఇనుము మెరిసేదాకా గీకాను.
3. 15 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల పొడవున్న రాగి రేకు వేసి, రెండు కొసలా పట్టీ పెట్టి నాలుగేసి బోల్టులతో నొక్కాను.
4. కత్తెర రేకు మెషిన్ మీద నుంచి పీకేసి చెక్క బల్ల మీదకు మార్చాను.
5. పచ్చ ఎర్త్ వైరు అలాగే ఉంచాను. షాక్ నుంచి కాపాడేది అదే, ఎట్టి పరిస్థితిలోనూ తీయొద్దు.

ఛాతీ 130, నడుము 165, మణికట్టు 370, కాళ్లు 330. కత్తెర చురుకు ఆ రోజే పోయింది. రాగి రేకు, బోల్టులు 2,350.

ఇంతవరకు ఖర్చు: 17,820.

దశ 5: కవచం

ఇక్కడే ఎక్కువ దెబ్బలు తిన్నాను.

మొదట ఇనుప దోమ మెష్ తెచ్చి చెక్క ఫ్రేముకు కొట్టి ప్రెస్ ముందు నిలబెట్టాను. 520 రూపాయలు. ఛాతీ 130 నుంచి 170కి పెరిగింది! దేనికీ కలపని లోహం ఫీల్డ్‌ను ఆపకపోగా పట్టుకుని మళ్లీ విసురుతుంది. కవచం బెడ్ ప్లేటుకు చుట్టూ తగలాల్సిందే.

రెండోసారి 1.2 మిల్లీమీటర్ల అల్యూమినియం షీటుతో అడుగులేని పెట్టె వంపించాను. అది పై ప్లేటుతోపాటు దిగి, డై (రెగ్జిన్‌ను నొక్కి అతికించే అచ్చు) చుట్టూ మూతలా కూర్చుంటుంది. అంచున ఫాస్ఫర్ బ్రాంజ్ స్ప్రింగ్ పట్టీ, బెడ్ ప్లేటును నొక్కడానికి. డైకీ పెట్టె గోడకూ మధ్య 75 మిల్లీమీటర్లు వదిలాను. అంతకన్నా దగ్గరైతే నిప్పురవ్వ దూకుతుంది. ఖర్చు 8,700.

ఛాతీ 38కి పడింది. సంబరపడేలోపు నడుము దగ్గర చూస్తే 118. ట్యూబ్‌లైట్ తెచ్చి పెట్టె చుట్టూ తిప్పితే ఎడమ మూల దగ్గర మాత్రం వెలిగింది. వంగి చూస్తే ఆ వైపు బెడ్ ప్లేటు వంకరపోయి 8 మిల్లీమీటర్ల సందు ఉంది. పట్టీ అక్కడ గాలిలో ఉంది. బెడ్ కింద షిమ్‌లు (ఎత్తు సరిచేసే పల్చటి రేకు ముక్కలు) వేసి, పట్టీని ఆ వైపు పొడుగు చేశాక నడుము 52.

మర్నాడు ఇంకో దెబ్బ. అక్క పొద్దున్న అతికించిన కవర్లు గోటితో లాగితే ఊడొచ్చాయి. పెట్టె చేరడంతో డై దగ్గర కెపాసిటెన్స్ పెరిగి ట్యూనింగ్ తప్పింది. ప్లేట్ కరెంటు (జనరేటర్ వాల్వు లాగే కరెంటు) ముల్లు 0.9 ఆంపియర్ల దగ్గర ఉండాల్సింది 0.6 దగ్గరుంది, నేను చూసుకోలేదు. 37 కవర్లు పోయాయి, 5,550 రూపాయలు. కవచం పెట్టగానే, మొదటి కవర్ కన్నా ముందు, ట్యూనింగ్ నాబ్ తిప్పి ప్లేట్ కరెంటు పాత అంకెకు తేవాలి. రీడింగులు కూడా ట్యూన్ చేశాక తీసినవే లెక్క. పైన రాసిన 38, 52 అలా మళ్లీ తీసి సరిచూసినవే.

ఆ 37 కవర్ల దగ్గర నాకు వేరే సంగతి తెలిసింది. అక్కకు జీతం కవర్ లెక్కన. పోయిన ప్రతి కవర్, నేను మెషిన్ ఆపిన ప్రతి గంట ఆమె చేతిలోంచి పోయాయి. ఆరోగ్యం పేరు చెప్పి ఆమె కూలి తగ్గించాను. ఓనరు గారితో కూర్చుని మాట్లాడితే, పని అయ్యేదాకా రోజుకూలీ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మీరు ఇలాంటి పని మొదలుపెడితే ఈ మాట మొదటి రోజే తేల్చుకోండి. లేకపోతే కవచం చుట్టూ తిరిగే ప్రతి నిమిషాన్నీ ఆపరేటర్ నష్టంగానే చూస్తారు, చూడక తప్పదు. పెట్టె విప్పి పక్కన పెట్టేస్తారు.

ఇంతవరకు ఖర్చు: 32,590.

దశ 6: కాళ్లు, చేతులు

కాళ్ల కరెంటు కవచంతోనే 90కి దిగింది. అక్క కూర్చునే ఇనుప స్టూల్ తీసేసి చెక్కది చేయించాను. కాళ్ల కింద 10 సెంటీమీటర్ల ఎత్తు చెక్క అరుగు వేశాం. మేకులు పైకి తేలకుండా జిగురుతో అతికించాం. కాళ్లు 45. ఖర్చు 1,900.

చేతుల కోసం పెడల్ తీసేసి రెండు బటన్లు పెట్టాను, రెండూ కలిపి నొక్కితేనే ప్రెస్ దిగుతుంది. డై నుంచి 45 సెంటీమీటర్ల దూరం. ఖర్చు 2,600. అప్పటికి 95 ఉన్న మణికట్టు రీడింగు 40కి వచ్చింది, డై కింద వేళ్లు నలిగే ప్రమాదమూ పోయింది. మొదట కవర్‌కు 25 సెకన్లు పట్టింది. రెగ్జిన్ సర్దడానికి చెక్క ట్రే అక్కే చెప్పి చేయించింది. దాంతో 21 సెకన్లకు వచ్చింది.

నేల మీద మెషిన్ చుట్టూ 3 మీటర్ల దూరంలో పసుపు గీత గీయించాం. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు గీత దాటకూడదని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు. అది ఎవరికోసమో షాపులో అందరికీ తెలుసు. ఓనరు గారి నాన్నగారు రోజూ సాయంత్రం వచ్చి మెషిన్ పక్క కుర్చీలోనే కూర్చునేవారు. ఆ కుర్చీ ఇప్పుడు వీధి గుమ్మం దగ్గరుంది.

దశ 7: చివరి రీడింగులు

ల్యాబ్ మీటర్ మళ్లీ ఒక రోజు అద్దెకు, 4,500. ఆన్‌లో ఉన్నప్పుడు, బ్రాకెట్‌లో సగటు:

తల 16 (7)
ఛాతీ 30 (13)
నడుము 41 (18)
మణికట్టు 40 (18)
రెండు కాళ్ల కరెంటు 45 మిల్లీఆంపియర్లు (20)

సైకిల్ 21 సెకన్లైనా సగటుకు పాత 0.447నే వాడాను. పని నెమ్మదించడం వల్ల తగ్గిన భాగాన్ని కవచం ఖాతాలో వేయకూడదు.

మొత్తం ఖర్చు: 41,590. అందులో నా తప్పుల ఖరీదు (ఆన్‌లైన్ మీటర్, లావు వైరు, మెష్, 37 కవర్లు) 10,420. మీటర్ అద్దెను నలుగురు షాపులవాళ్లు కలిసి పంచుకుంటే ఇంకా తగ్గుతుంది.

కవచం పట్టీలో స్ప్రింగులు రెండు వారాలకే మూడు విరిగాయి. ప్రతి సోమవారం పొద్దున్న హెల్పర్ కుర్రాడు దీపాలు ఆర్పి, కర్రకు కట్టిన ట్యూబ్‌ను పెట్టె చుట్టూ తిప్పుతాడు. ఎక్కడ వెలిగితే అక్కడ స్ప్రింగ్ మార్చాలి.

అక్క వేలికొస మచ్చ మానింది, కొత్తది రాలేదు. తిమ్మిరి మాత్రం వారంలో రెండు మూడు రాత్రులు ఇంకా వస్తోందట. ఏళ్ల తరబడి రెగ్జిన్ నొక్కిపట్టిన చేతులకు మణికట్టు నరం నలిగినా అలాగే ఉంటుంది. నరాల పరీక్షకు డాక్టరు రాసిచ్చారు, ఆ ఖర్చు ఓనరు గారు పెట్టుకుంటానన్నారు. రీడింగుల కాగితం రెండు కాపీలు తీసి ఒకటి అక్క చేతికిచ్చాను, డాక్టరుకు చూపించమని.

వచ్చే వారం అదే షాపులో రెండో మెషిన్. ఎర్త్ వైరు జోలికి పోను. ముందు బెడ్ ప్లేటు కింద పెయింటు గీకుతాను.